సబ్బుపెట్టెతో వచ్చే మామ్మగారు

పక్కింటి మామ్మగారు పోయారు. గురువారం పొద్దున నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ఉండగా మా ఆయన ఫోన్ చేశారు. తొమ్మిది దాటినా పేపర్ ఇంకా గుమ్మంలోనే పడి ఉందని అనుమానం వచ్చి, మా దగ్గరుండే తాళంచెవితో తలుపు తీసి లోపలికి వెళ్ళి చూశారట. "నిద్రలోనే పోయినట్టున్నారు. కప్పుకున్న దుప్పటి కూడా చెదరలేదు," అన్నారు.

"ఎక్కడ?" అని అడిగాను.

"ఎక్కడేంటి? వాళ్ళింట్లో. వాళ్ళ మంచం మీద."

"అమ్మయ్య," అన్నాను.

పక్కన పనిచేసుకుంటున్న న్యూజిలాండ్ అమ్మాయి నా మొహం చూసి, మంచి వార్తా అని అడిగింది. ఏం చెప్పను? అవునన్నట్టూ కాదన్నట్టూ తలూపాను. తర్వాత టాయిలెట్‌లోకి వెళ్ళి తలుపేసుకుని బాగా ఏడ్చాను. కానీ ముందు నోట్లోంచి వచ్చింది మాత్రం ఆ అమ్మయ్యే. తొంభై దాటిన మనిషి పోతే ఊపిరి పీల్చుకున్నానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గుగా లేదు. ఆవిడని ఎరిగినవాళ్ళకి ఎందుకో తెలుసు. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మామ్మగారు అమెరికా మనిషి, ఒహాయో వైపు చిన్న ఊరు. అంటార్కిటికాకి విమానాలు మా క్రైస్ట్‌చర్చ్ నుంచే బయల్దేరతాయి. యాభైలలో వాటి ఇంజన్లు చూసుకునే పని మీద వాళ్ళాయనని ఇక్కడికి పంపారట. రెండేళ్ళని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, బ్రిస్బేన్‌లో ఉంటారు, ఆవిడకే అరవై దాటాయి. ఇన్నేళ్ళున్నా మామ్మగారి ఇంగ్లీషు ఈ దేశపు ఇంగ్లీషుగా మారలేదు. నన్ను 'హనీ' అనేవారు. నా చెవికి అది మా నాయనమ్మ 'అమ్మడూ' అన్నట్టే ఉండేది. ఆవిడ మాటలన్నీ ఇప్పుడు నా తలలో తెలుగులోనే ఉన్నాయి, కాబట్టి తెలుగులోనే రాస్తాను.

మేం ఈ ఊరికి ఇక్కడ పెద్ద భూకంపం వచ్చిన తర్వాతి ఏడాది వచ్చాం. అప్పటిదాకా ఆక్లండ్‌లో, న్యూ లిన్ పేటలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను చదువుకోవడానికి వచ్చి అక్కడే సెటిల్ అయిపోయాను. మా ఆయన సివిల్ ఇంజినీరు. ఇక్కడ భూమి కింద పైపులన్నీ పగిలిపోయి చేతినిండా పని ఉందంటే మూటాముల్లే సర్దుకుని వచ్చేశాం. పని దొరికింది గానీ ఇల్లు దొరకడానికి తల ప్రాణం తోకకొచ్చింది. సగం ఊరు కూలిపోయి ఉంది, ఉన్న ఇళ్ళకి అద్దెలు మండిపోతున్నాయి. చివరికి ఊరికి తూర్పు వైపు, రోడ్లన్నీ గతుకులూ నారింజరంగు ట్రాఫిక్ కోన్లూ ఉన్న వీధిలో ఒక ఇల్లు దొరికింది.

దిగిన రోజు సాయంత్రం ఇంకా అట్టపెట్టెలు విప్పుతూనే ఉన్నాను, వెనక తలుపు ఎవరో కొట్టారు. తీసి చూస్తే గళ్ళ డ్రెస్సింగ్ గౌన్‌లో ఒక ముసలావిడ. భుజం మీద నీలం తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ సబ్బుపెట్టె.

"మీ ఇంట్లో వేడినీళ్ళు వస్తాయా?" అని అడిగారు.

మతిస్థిమితం లేని మనిషేమో అనుకున్నాను. ఆవిడ నా మొహం చూసి నవ్వి, వేలితో కంచె అవతలికి చూపించారు. వాళ్ళ ఇల్లు ఒక పక్కకి ఒరిగి ఉంది. పొగగొట్టం కూలిన చోట నీలం టార్పాలిన్ కప్పారు. వంటింట్లో గోళీ పెడితే హాల్లోకి దొర్లుకుంటూ పోతుందట. ఆ ఇంట్లో ఉండకూడదని అధికారులు తేల్చేస్తే, ఆవిడ ఊరు వదలకుండా ముందున్న గడ్డి మీదే ఒక పాత కారవాన్, కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల గది, తెచ్చి పెట్టించుకున్నారు. పడుకోవడానికి మంచం, కాఫీ కాచుకోవడానికి స్టవ్ అందులో ఉన్నాయి. స్నానానికి మాత్రం మా ఇల్లే. మాకు ముందు అద్దెకున్నవాళ్ళతో ఆ ఏర్పాటు ఉండేది. మాతోనూ ఉంటుందని ఆవిడకి ఏ అనుమానమూ లేనట్టుంది.

లోపలికి రమ్మని బాత్రూమ్ చూపించాను. అందులో అప్పటికే ఎర్ర బకెట్, మగ్గు పెట్టేశాను. ఏ దేశం వెళ్ళినా, ఏ ఇంట్లో దిగినా తెలుగువాళ్ళం ముందు సర్దుకునేవి అవేగా. బయటికి వచ్చాక ఆవిడ అడిగారు: "టబ్‌లో బకెట్ ఎందుకు, టబ్ కారుతోందా?" మేం అలాగే పోసుకుంటామని, నడుం మీద వేడినీళ్ళు మగ్గుతో పడితే ఉండే సుఖం టబ్‌లో ఉండదని చెప్పాను. మర్నాడు స్నానం అయ్యాక తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "నువ్వు చెప్పింది నిజమే," అన్నారు. ఆ తర్వాత మళ్ళీ టబ్ నింపుకోలేదు. బకెట్‌లోకి నీళ్ళు పడే చప్పుడు వినిపించిందంటే మామ్మగారు లోపల ఉన్నట్టు.

రోజూ నేను షిఫ్ట్ నుంచి వచ్చి టీ పెట్టుకునే వేళకి వచ్చేవారు. తలుపు తీసే ఉన్నా కొట్టి, రమ్మన్నాకే వచ్చేవారు. మా సబ్బు ముట్టుకునేవారు కాదు. స్నానం అయ్యాక గదిని వెచ్చబెట్టే హీట్ పంప్ కింద కుర్చీ వేసుకుని జుట్టు ఆరబెట్టుకునేవారు. పల్చటి తెల్ల జుట్టు, ఆరడానికి అయిదు నిమిషాలు చాలు. అరగంట పైనే కూర్చునేవారు.

మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. పొద్దున్నుంచీ నిలబడి నిలబడి వచ్చి, ఇంకో మనిషితో ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది? ఒకరోజు ఉండబట్టలేక, "ఈ చలిలో ఆ డబ్బాలో ఎలా ఉంటున్నారండీ, మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోవచ్చుగా?" అనేశాను.

"నా కాపురం మొదలైందే అలాంటి డబ్బాలో, అమ్మడూ," అన్నారు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయి సైనికులందరూ ఒక్కసారిగా ఇళ్ళకి వచ్చేశారట. అందరికీ పెళ్ళిళ్ళు, కాపురాలు. ఇళ్ళు మాత్రం లేవు. వాళ్ళాయన నేవీ నుంచి వచ్చి ప్రభుత్వ ఖర్చుతో ఇంజినీరింగ్‌లో చేరారు. కాలేజీ వాళ్ళు ఆటస్థలంలో వరసగా ట్రైలర్లు పెట్టి, పెళ్ళైనవాళ్ళకి తలా ఒకటి ఇచ్చారు. లోపల కిరోసిన్ స్టవ్, మంచుగడ్డ పెట్టుకునే పెట్టె. నీళ్ళ పంపు బయట. స్నానాలకి అందరికీ కలిపి ఒక షెడ్డు. సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్ళందరూ గౌన్లు వేసుకుని, భుజాన తువ్వాళ్ళు, చేతుల్లో సబ్బుపెట్టెలతో అక్కడ వరస కట్టేవాళ్ళట.

"ఊళ్ళో వార్తలన్నీ ఆ వరసలోనే," అనేవారు. ఏ కొట్లో నైలాన్ మేజోళ్ళు వచ్చాయి, ఎక్కడ చక్కెర దొరుకుతోంది, ఎవరి మొగుడు పరీక్ష తప్పాడు, అన్నీ పేపర్ కన్నా ముందు అక్కడే తెలిసేవట. అందుకే ఆవిడకి స్నానానికి నడిచి వెళ్ళడం కష్టంగా అనిపించలేదు. అసలు ఆవిడ వచ్చేది స్నానానికి మాత్రమే కాదని నాకు అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది.

అది అర్థమయ్యాక నా చిరాకు పోయింది. ఆ అరగంట కోసం నేనే ఎదురుచూడడం మొదలుపెట్టాను.

ఒకసారి నేను నెయ్యి కాస్తున్నాను. ఇక్కడి వెన్నతో నెయ్యి కాస్తే ఇల్లంతా కమ్మగా ఉంటుంది. మామ్మగారు గిన్నెలోకి తొంగి చూసి, అంత మంచి వెన్నని ఏం చేస్తున్నావని గాభరాపడిపోయారు. ఆ రోజుల్లో వాళ్ళకి వెన్న దొరికేది కాదు, దొరికినా కొనేలా ఉండేది కాదు. నూనెతో చేసే నకిలీ వెన్న, మార్జరిన్ కొనేవాళ్ళు. అది సున్నం ముద్దలా తెల్లగా ఉండేదట. పసుపురంగు వేసి అమ్మితే వెన్నని ఎవరూ కొనరని పాడి రైతులు గొడవ చేసి, రంగు వేయకుండానే అమ్మేలా చేశారు. సంచీలో ఒక చిన్న రంగు గోళీ విడిగా పెట్టి ఇచ్చేవాళ్ళు. ఇంటికి తెచ్చుకుని ఆ గోళీని చిదిమి, సంచీని పిసికి పిసికి ముద్దంతా పచ్చగా చేసుకోవాలి.

"మా ట్రైలర్లో రేడియో లేదు. పక్క ట్రైలర్లో ఉండేది. రాత్రి తొమ్మిదింటికి హత్య కథల సీరియల్ వస్తుంటే మా సంచీలు పట్టుకుని అక్కడికి వెళ్ళేవాళ్ళం. హంతకుడు మెట్లెక్కుతున్నాడంటే చాలు, అందరం గబగబా పిసికేసేవాళ్ళం. కథ బాగుంటే మార్జరిన్‌లో ఒక్క తెల్లచార కూడా మిగిలేది కాదు," అని చేతులతో పిసికి చూపించారు. నేను నవ్వు ఆపుకోలేక నెయ్యి మాడ్చాను.

టీవీ సంగతి ఇంకా బాగుంటుంది. ఊళ్ళో ఫర్నిచర్ కొట్టు అద్దంలో మొదటిసారి టీవీ పెడితే జనం మంచులో నిలబడి కుస్తీలు చూసేవాళ్ళట. అద్దం అవతల నుంచి మాట వినిపించేది కాదు. వాళ్ళాయన వెనక నిలబడి వ్యాఖ్యానం మొత్తం సొంతంగా కల్పించి చెప్పేవారట. కుస్తీ పట్టేవాళ్ళిద్దరూ తోడికోడళ్ళయినట్టు, వంటగిన్నె కోసం కొట్టుకుంటున్నట్టు.

అన్నిటికన్నా నాకు నచ్చింది గుమ్మడికాయ సంగతి. అప్పట్లో సినిమాకి ముందు వార్తల రీలు వేసేవాళ్ళు. యుద్ధమప్పుడు జనం ఊపిరి బిగబట్టి చూసేది దాన్నే, మనవాళ్ళు ఎవరైనా కనిపిస్తారేమోనని. యుద్ధం అయిపోయిన తర్వాత ఒక వారం, ఆ రీలంతా ఎక్కడో సంతలో పెద్ద గుమ్మడికాయల పోటీ గురించే ఉందట. కాయని తూస్తున్నారు, ఒక రైతు దాని పక్కన నిలబడి నవ్వుతున్నాడు. అంతే, అయిపోయింది. హాల్లో ఎవరూ కుర్చీలోంచి కదల్లేదట. ఇంకేమైనా వస్తుందేమోనని చూశారు. రాలేదు. అప్పుడొకరు నవ్వారు, ఇంకొకరు చప్పట్లు కొట్టారు, ఆవిడ పక్కనున్న పెద్దావిడ మాత్రం చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చారట. "ఇంక చెప్పడానికి వాళ్ళ దగ్గర గుమ్మడికాయ తప్ప ఏమీ లేదు, అమ్మడూ. ఎంత హాయిగా ఉందో నీకెలా చెప్పను," అన్నారు మామ్మగారు.

అప్పటి నుంచి మా ఇంట్లో మంచి కబురుకి పేరు గుమ్మడికాయ వార్త. ఆవిడ తలుపు దగ్గరే అడిగేవారు, "ఇవాళ గుమ్మడికాయ వార్తలేమైనా ఉన్నాయా?" అని. మా ఆయన పైపు పని ఒక వీధికి పూర్తయితే అది గుమ్మడికాయ వార్త. భూమి కంపించకుండా వారం గడిస్తే అది గుమ్మడికాయ వార్త.

ఆవిడకి కావలసిన గుమ్మడికాయ వార్త మాత్రం రాలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు వచ్చేవారు, కొలుచుకునేవారు, వెళ్ళేవారు. ఒకాయన పునాది మార్చాలనేవాడు, ఇంకొకాయన గోడలకి రంగేస్తే చాలనేవాడు. వచ్చిన ప్రతివాడికీ ఆవిడ కారవాన్‌లో కాఫీ ఇచ్చేవారు. వాళ్ళు వెళ్ళాక సూపర్‌మార్కెట్ కాగితం తీసి, వెన్న ఎంతకి పెరిగిందో, కాలీఫ్లవర్ ఎంత ఉందో నాకు చదివి వినిపించేవారు. నేను తిట్టుకుంటే నవ్వేవారు. యుద్ధమయ్యాక సర్కారు ధరల మీద పట్టు వదిలేసరికి మాంసం, గుడ్లు అన్నీ ఆకాశానికి వెళ్ళాయట. అప్పటిదాకా కప్పు కాఫీ అయిదు సెంట్లు. కొట్టువాడు ఎప్పుడు పెంచుతాడోనని ఈవిడ దిగులుపడితే వాళ్ళాయన, "రేపటి ధర రేపు తిట్టుకుందాం, ఇవాళ్టి కాఫీ తాగు," అనేవారట. ఆ మాట ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పారో. అద్దె పెంచుతున్నట్టు ఈమెయిల్ వచ్చినప్పుడల్లా నేనిప్పటికీ అదే అనుకుని టీ తాగుతాను.

ఆవిడ పోవలసి వస్తే ఆ ఇంట్లోనే పోవాలన్నది ఆవిడ కోరిక. వాళ్ళాయన పోయింది ఆ ఇంట్లోనే. దాన్ని గురించి పెద్ద మాటలేం చెప్పేవారు కాదు. "నా మంచం, నా కిటికీ," అనేవారు, అంతే. వాళ్ళమ్మాయి మాత్రం ఒకసారి వచ్చి ఆ కారవాన్ చూసి హడలిపోయారు. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి మంచుకాలంలో ఇలా ఉండడమేంటని, వచ్చే చలికాలం సగంలోకల్లా ఇల్లు సిద్ధం కాకపోతే బ్రిస్బేన్ తీసుకెళ్ళి వృద్ధాశ్రమంలో చేర్చేస్తానని తేల్చి చెప్పారు. మామ్మగారు సరేనన్నారు. ఆవిడ సరేనంటే సరేనే, మాట తప్పే రకం కాదు. అందుకే నాకు భయం వేసింది.

ఎట్టకేలకు మరుసటి ఏడాది మార్చిలో, ఇక్కడి లెక్కన శరదృతువులో, పని మొదలైంది. ఇంటిని జాకీలతో పైకెత్తి కింద కొత్త పునాది వేస్తుంటే, మామ్మగారు గడ్డి మీద కుర్చీ వేసుకుని దుప్పటి కప్పుకుని రోజంతా చూసేవారు. జూలైలో, ఇక్కడి చలికాలం నడిమధ్యలో, బిల్డర్ చెప్పాడు, శుక్రవారం తాళాలిచ్చేస్తానని. వాళ్ళమ్మాయి ఆదివారం వస్తున్నారు. అన్నీ కుదిరాయి. మా ఆయన, నేను కారవాన్ సామాను మోయడానికి శనివారం సెలవు కూడా పెట్టుకున్నాం.

మంగళవారం సాయంత్రం తెనాలిలో ఉన్న మా అమ్మతో స్కైప్‌లో మాట్లాడుతున్నాను. మామ్మగారు నా వెనక జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. సంతోషం పట్టలేక, మామ్మగారు శనివారం ఇంట్లోకి వెళ్ళిపోతున్నారని చెప్పాను.

"శనివారమా?" అంది మా అమ్మ. "ఆషాఢం కదే! ఆషాఢంలో ఎవరన్నా ఇంట్లో దిగుతారటే? చోద్యం కాకపోతే! శ్రావణం వచ్చిందాకా ఆగమను."

"ఆవిడ అమెరికా ఆవిడమ్మా. ఆవిడకి ఆషాఢమేంటి, శ్రావణమేంటి?"

"ఎవరైతే ఏవిఁటే, ఇల్లు ఇల్లేగా?"

మామ్మగారు అడిగారు, మీ అమ్మగారు ఎందుకంత గట్టిగా మాట్లాడుతున్నారని. నవ్వుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు.

"ఆ మంచి నెల ఎప్పుడొస్తుంది?"

"ఇంకా మూడు వారాలుంది. కానీ మీరివేం పట్టించుకోకండి, నేనే నమ్మను," అన్నాను.

"మీ అమ్మగారు నమ్ముతున్నారుగా," అన్నారు. "మాకు ఒహాయోలో మొదటి ఇల్లు దొరికినప్పుడు మా అత్తగారు శుక్రవారం దిగొద్దన్నారు. ఆగలేక శుక్రవారమే దిగాం. ఏడాది తిరక్కుండా మా ఆయనని వేరే ఊరికి మార్చారు, ఇల్లు పోయింది. అప్పట్నుంచి పెద్దవాళ్ళు చెబితే వింటాను. ఇన్నేళ్ళు ఆగాను, మూడు వారాలు ఆగలేనా?"

మా అమ్మ ఆవిడ కన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. ఆ మాట చెప్పినా లాభం లేకపోయింది. సబ్బుపెట్టె తీసుకుని కారవాన్‌కి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. సాయంత్రం వచ్చినప్పుడు ఆవిడ దగ్గుతున్నారు. బుధవారమే బ్రిస్బేన్ నుంచి ఫోన్ వచ్చింది, నాకు. "ఇల్లు సిద్ధంగా ఉన్నా అమ్మ కారవాన్‌లోనే పడుకుంటానంటోంది. ఏదో నెల మంచిది కాదట. ఆవిడ బుర్ర పనిచెయ్యట్లేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఆదివారం వచ్చి నాతో తీసుకెళ్ళిపోతాను," అన్నారు వాళ్ళమ్మాయి. అది మా అమ్మ బుర్రలోంచి వచ్చిన మాటని చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు.

"ఊళ్ళో పైపులన్నీ నేను కలిపి వస్తుంటే మీ అమ్మ ఇంట్లో కూర్చుని కొంప కూల్చేసింది," అన్నారు మా ఆయన. మా అమ్మకి మళ్ళీ ఫోన్ చేసి అరిచాను, బతిమాలాను, మళ్ళీ అరిచాను.

"నా మీద ఎగురుతావేంటే? శాస్త్రం నేను రాశానా?" అంది మా అమ్మ.

"అమ్మా, ఆవిడకి దగ్గు పట్టుకుంది. ఆదివారంలోగా ఆ ఇంట్లోకి వెళ్ళకపోతే ఇంక ఎప్పటికీ వెళ్ళదు. ఆశ్రమంలో పోతుంది. ఆ పాపం మనకి వద్దమ్మా."

అటు నుంచి పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "సరే, ఏడవకు. పంతులుగారి దగ్గరికి వెళ్ళొస్తాను," అని పెట్టేసింది. గురువారమంతా ల్యాబ్‌లో నేను చేసిన పని ఏంటో నాకు తెలియదు. ఒక్కో ట్యూబ్‌నీ రెండేసిసార్లు చూసుకున్నాను.

ఆ సాయంత్రం స్కైప్ మోగింది. మా అమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. "ఆవిడని పిలువు. ఆవిడకే చెబుతాను," అంది. మామ్మగారు తువ్వాలు తలకి చుట్టుకుని వచ్చి తెర ముందు కూర్చున్నారు. మా అమ్మ జీవితంలో ఇంగ్లీషు మాట్లాడింది అప్పుడే చూశాను.

"ఓల్డ్ హౌస్," అంది వేలెత్తి. "నో న్యూ హౌస్. ఓన్లీ రిపేర్. ఓల్డ్ హౌస్, నో ప్రాబ్లం. గో!"

తర్వాత నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. ఆ పట్టింపులన్నీ కొత్తగా కట్టిన ఇంటికేనట. దెబ్బతిన్న ఇంటిని బాగుచేయించుకుని మళ్ళీ వెళ్ళడానికి ఆషాఢం అడ్డు కాదని పంతులుగారు చెప్పారట. "శనివారం పొద్దున్నే పాలు పొంగించమను. గుమ్మడికాయ కొట్టించు, దిష్టి పోతుంది."

నేను అంతా తిరిగి చెప్పాను. గుమ్మడికాయ అనగానే మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "గుమ్మడికాయా? నిజంగా గుమ్మడికాయేనా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత తెర వైపు తిరిగి, మా అమ్మకి సైనికుడిలా సెల్యూట్ చేశారు. మా అమ్మ కంగారుపడి దణ్ణం పెట్టింది. నా గుండెల మీద నుంచి దిగిన బరువు ఇంతా అంతా కాదు.

శనివారం పొద్దున కొత్త స్టవ్ మీద పాలు పొంగాయి, పొగ అలారం వీధంతా వినిపించేలా మోగింది. ఆ తర్వాత గుమ్మడికాయ. మనవైపు దొరికే మెత్తటి కాయలు ఇక్కడెక్కడివి? బూడిదరంగులో బండరాయిలా ఉండేదే దొరికింది. మా ఆయన కుంకుమ పెట్టి, మూడుసార్లు తిప్పి, బలమంతా పెట్టి మెట్టు మీద కొట్టారు. కాయ ఎగిరి గంతేసి గేటు దాకా దొర్లిపోయింది. కొత్త కాంక్రీటు మెట్టు అంచు చిట్లింది. మిగిలిన సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చిన బిల్డర్ నెత్తిన చేతులు పెట్టుకుని, "దాన్ని నేను నిన్ననే బాగుచేశాను!" అన్నాడు. మామ్మగారు గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. చివరికి దాన్ని కత్తితో కోసి పులుసు పెట్టాను. ఆదివారం వచ్చిన వాళ్ళమ్మాయి కూడా తిన్నారు. తల్లి తన కిటికీ దగ్గర కూర్చుని ఉండడం చూసి ఆవిడ ఇంక బ్రిస్బేన్ ఊసెత్తలేదు. మూడు రోజులు ఊళ్ళో హోటల్లో ఉండి ఒంటరిగానే వెళ్ళిపోయారు. కారవాన్‌ని ఎవరో కొనుక్కున్నారు. ఆ మెట్టు అంచుని మాత్రం మామ్మగారు మళ్ళీ బాగుచేయించనివ్వలేదు.

కూతురు వెళ్ళిన రోజు సాయంత్రం నేను టీ పెడుతుంటే వెనక తలుపు చప్పుడైంది. గౌను, తువ్వాలు, సబ్బుపెట్టె.

"మా బాత్రూమ్‌లో ఇంకా రంగు వాసన పోలేదు," అన్నారు.

మరుసటి వారం నీళ్ళు సరిగ్గా వేడెక్కట్లేదన్నారు. ఆ తర్వాత కుళాయి బిగుసుకుపోయిందన్నారు. మా ఆయన వెళ్ళి చూస్తానంటే, అంత తొందరేమీ లేదన్నారు. కొన్నాళ్ళకి కారణం చెప్పడం ఆవిడ మానేశారు, అడగడం మేం మానేశాం. తువ్వాలు, సబ్బుపెట్టె మా బాత్రూమ్‌లోనే ఉంచేయడం మొదలుపెట్టారు. అలా రెండేళ్ళు. పోవడానికి ముందు రోజు, బుధవారం సాయంత్రం కూడా వచ్చారు. జుట్టు ఆరబెట్టుకుంటూ సూపర్‌మార్కెట్ కాగితం చదివి, వెన్న తగ్గిందని, నెయ్యి కాచుకోమని చెప్పి వెళ్ళారు.

అంత్యక్రియలయ్యాక వాళ్ళమ్మాయి హోటల్ వదిలి వచ్చి ఇల్లు సర్దుతూ నన్ను సాయానికి పిలిచారు. బాత్రూమ్‌లో ఇద్దరం ఆగిపోయాం. టబ్ అడుగున కంపెనీ స్టిక్కర్ అలాగే ఉంది. కుళాయి పిడికి చుట్టిన ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. "రెండేళ్ళూ అమ్మ స్నానం ఎక్కడ చేసింది?" అన్నారు ఆవిడ. చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చి, మా బాత్రూమ్ తలుపు తీశాను. కొక్కేనికి నీలం తువ్వాలు, కిటికీ గట్టు మీద సబ్బుపెట్టె. తెరిస్తే లోపల అరిగిపోయిన సబ్బు ముక్క. వాళ్ళమ్మాయి చాలాసేపు దాన్ని చూసి, మూత పెట్టి మళ్ళీ అక్కడే ఉంచి వెళ్ళిపోయారు.

నిన్న సాయంత్రం నేను టీకి నీళ్ళు పడుతుంటే వెనక తలుపు ఎవరో కొట్టారు. తీస్తే వాళ్ళమ్మాయి. తల్లి గళ్ళ గౌను వేసుకున్నారు, ఆవిడకి అది కొంచెం పొట్టిగా ఉంది. భుజం మీద తువ్వాలు.

"ఆ స్టిక్కర్ పీకడానికి చేతులు రావట్లేదు," అన్నారు. "మీ ఇంట్లో వేడినీళ్ళు వస్తాయా?"

రమ్మన్నాను. హీట్ పంప్ వేసి దాని కింద కుర్చీ లాగి పెట్టాను. రెండో కప్పుకి కూడా నీళ్ళు పోశాను. బాత్రూమ్ తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల నుంచి, బకెట్‌లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.